కోడు పాసైంది, సైటు తప్పింది

నెల్లిమర్ల. కంటికి నాలుగే అక్షరాలు: నె, ల్లి, మ, ర్ల. కంప్యూటర్ మాత్రం ఈ పేరును పది ముక్కలుగా దాచుకుంటుంది. న, దానికో ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, గుడి, మ, ర, ఇంకో పొల్లు, చివర ల. వెబ్‌లో ఇప్పుడు దాదాపు అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇలాంటి ఒక్కో తెలుగు ముక్కకు 3 బైట్ల చోటు కావాలి. అంటే ఈ నాలుగక్షరాల ఊరికి 30 బైట్లు. ఇంగ్లిష్‌లో రాస్తే 10 బైట్లతో సరిపోతుంది.

ఒక దరఖాస్తు ఫారం తయారుచేసినవారు ఊరి పేరుకు 20 బైట్లు చాలనుకుని డేటాబేస్‌లో అంతే చోటు కేటాయించారనుకుందాం. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి చూశారు, అంతా బాగుంది. తర్వాత ఎవరో తెలుగులో ఊరి పేరు కొట్టారు. ‘నెల్లి’ వరకు 18 బైట్లు అయిపోయాయి. మిగిలిన రెండు బైట్లలో ‘మ’ పూర్తిగా పట్టదు. కొన్ని డేటాబేస్‌లు ఆ దరఖాస్తును అసలు తీసుకోవు. ఇంకొన్ని చప్పుడు చెయ్యకుండా పేరును అక్కడికి కోసేస్తాయి. తర్వాత తెర మీద ‘నెల్లి’ పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్లటి గుర్తొకటి కనిపిస్తుంది.

ఇప్పుడు అదే ఫారం ఉన్న పేజీని వాలిడేటర్‌కి, అంటే వెబ్ కోడును తనిఖీ చేసే పనిముట్టుకి ఇవ్వండి. తప్పులేమీ లేవని పచ్చజెండా ఊపుతుంది. అది అబద్ధం చెప్పడం లేదు. పేజీ కోడులో నిజంగానే తప్పు లేదు. కోడు నియమాల ప్రకారం ఉండటం ఒక సంగతి, సైటు మనిషికి పనికిరావడం ఇంకో సంగతి. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో, రెండూ ఎందుకు కావాలో తెలుగువాళ్లకు బాగా తెలియాలి. ఎందుకంటే వెబ్‌లో మన భాష రెండు వైపుల నుంచీ దెబ్బ తింది.

వాలిడేటర్ ఏం చూస్తుంది?

ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక, ఇది బటన్ అని గుర్తులు పెట్టిన పాఠమే వెబ్ పేజీ. ఆ గుర్తులే ట్యాగులు, వాటి భాష పేరు హెచ్‌టీఎమ్‌ఎల్. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్ ఆలోచనను ప్రతిపాదించి, 1991లో దాన్ని లోకానికి చూపించారు. 1994లో ఆయన చొరవతోనే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం పుట్టింది. దాన్నే పొట్టిగా డబ్ల్యూ3సీ అంటారు. పేజీ రంగు, కొలతలు, అమరిక చెప్పే సీఎస్‌ఎస్ భాషకు 1996 డిసెంబరులో తొలి ప్రమాణం వచ్చింది.

ప్రమాణాలు కాగితం మీద ఉండగానే నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్లు ఎవరి దారిన అవి కొత్త గుర్తులు కనిపెట్టుకుంటూ పోయాయి. ‘ఈ సైటు ఫలానా బ్రౌజర్‌లో చూస్తేనే బాగుంటుంది’ అని పేజీల అడుగున రాసుకునే రోజులవి. ఒకే పేజీని రెండు మూడు రకాలుగా రాయలేక విసిగిపోయిన డిజైనర్లు 1998లో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. జెఫ్రీ జెల్డ్‌మన్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. బ్రౌజర్లు ప్రమాణాలు పాటించాలి, పేజీలు రాసేవాళ్లూ పాటించాలి అన్నది వాళ్ల కోరిక. ఆ గాలిలోనే వాలిడేటర్‌కి గౌరవం పెరిగింది. తనిఖీలో నెగ్గిన పేజీకి చిన్న పసుపు బిళ్ల తగిలించుకోవడం చాలామందికి గర్వకారణమైంది.

వాలిడేటర్ పట్టే తప్పులు పైకి చిల్లరగా కనిపిస్తాయి గానీ వాటి వెనక మనుషుల ఇబ్బంది ఉంటుంది. ఫారంలో రెండు గడులకు ఒకే ఐడీ ఇచ్చారనుకోండి. ‘తండ్రి మొబైల్ నంబరు’ అన్న మాట మీద వేలు పెడితే, కర్సర్ దరఖాస్తుదారు మొబైల్ గడిలోకి పోతుంది. పేజీ ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా దాచే ఏ పద్ధతిలో ఉందో ప్రకటించడం మరిచిపోతే, బ్రౌజర్ దాన్ని పాశ్చాత్య లిపిగా భ్రమపడొచ్చు. అప్పుడు తెలుగంతా యాస గుర్తు తగిలించిన ఇంగ్లిష్ ‘ఎ’లుగా, డిగ్రీల సున్నాలుగా, ప్లస్-మైనస్ గుర్తులుగా మారిపోతుంది. తెలుగు ముక్కలన్నిటి బైట్లూ ఒకే రెండు మూడు విలువలతో మొదలవుతాయి కాబట్టే ఆ చెత్తలో అవే గుర్తులు పదేపదే కనిపిస్తాయి. ఈ రెండు తప్పులనూ వాలిడేటర్ క్షణంలో పట్టేస్తుంది. ఇంత చవగ్గా దొరికే సాయాన్ని వదులుకోవడం తెలివితక్కువ.

ప్రమాణం లేని రోజుల్లో తెలుగు

ప్రమాణం పాటించకపోతే ఏమవుతుందో తెలుగు పత్రికల సైట్లు దాదాపు పదేళ్లపాటు చూపించాయి. లిపులన్నిటికీ కంప్యూటర్‌లో స్థానాలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల చోటు దక్కింది. కానీ ఆ అక్షరాలను తెర మీద కూర్చి చూపించే శక్తి మామూలు కంప్యూటర్లకు చాలా ఆలస్యంగా వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ అందింది 2001లోనే. ఈలోపు పత్రికలు ఆగలేదు, ఆగాల్సిన పనీ లేదు. ఎవరికి వారు సొంత ఫాంట్లు తయారుచేసుకున్నారు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్టులు, కొమ్ములు, వత్తుల బొమ్మలు పెట్టారు. పాఠకుడి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోయినా పేజీతో పాటే దిగుమతయ్యేలా ‘డైనమిక్ ఫాంట్’ పద్ధతి వాడారు.

పేజీ చూడటానికి తెలుగే. లోపల మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరుస. ఒక పత్రిక వరుస ఇంకో పత్రికకు కుదరదు. సెర్చ్ ఇంజన్‌లో నెల్లిమర్ల అని వెతికితే ఆ వార్తలు దొరకవు. ఎందుకంటే ఆ పేజీల్లో నెల్లిమర్ల అనే మాట లేనే లేదు, దాని బొమ్మ మాత్రమే ఉంది. కాపీ చేసి ఇంకోచోట పెడితే పిచ్చి గీతలు. చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ ఇంగ్లిష్ ముక్కలను పలకబోయి చతికిలబడేది. ఈ చిక్కును విప్పడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు తయారుచేశారు. ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంట్లలోని పాఠాన్ని అది యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసింది కూడా ఆయనే.

ఇందులో అసలు పాఠం వేరే ఉంది. ఆ డైనమిక్ ఫాంట్ పేజీని నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 4.01 ట్రాన్సిషనల్ నియమాలతో తనిఖీ చేస్తే, ట్యాగులు సరిగ్గా మూసి ఉంటే చాలు, నిక్షేపంగా నెగ్గేది. ఫాంట్ పేరు చెప్పే ట్యాగును ఆ కూర్పు అనుమతించింది. అక్షరాల అర్థం మారిపోయిన సంగతి వాలిడేటర్‌కి తెలిసే దారే లేదు. అంటే ఒకే పేజీ ఒక ప్రమాణాన్ని పాటించి, దానికంటే ముఖ్యమైన ఇంకో ప్రమాణాన్ని కాలదన్నింది. చూసేవాళ్లకు రెండూ కనబడలేదు.

ఈ రోగం పూర్తిగా పోలేదు. డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లతో టైపు చేసి పీడీఎఫ్‌గా ఎక్కించిన పత్రాలు ఇప్పటికీ సైట్లలో కనిపిస్తాయి. చదవడానికి బాగానే ఉంటాయి, వెతకడానికి మాత్రం లొంగవు.

వ్యాకరణం ఎక్కణ్నుంచి వస్తుంది?

1999 చివరికి హెచ్‌టీఎమ్‌ఎల్ 4.01 వచ్చింది. ఆ తర్వాత డబ్ల్యూ3సీ ఒక కఠినమైన దారి పట్టింది. 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ వచ్చింది. అందులో మూసి తీరాల్సిన ట్యాగును మూయకపోయినా, ఒక్క గుర్తు తప్పుగా రాసినా బ్రౌజర్ పేజీని చూపించకూడదు. మొత్తం ఆపేసి దోషం చూపించాలి. వినడానికి క్రమశిక్షణలా ఉంది. ఆచరణలో దానికి తగ్గట్టు ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌ను ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్‌గానే పంపితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరవలేకపోయేది. 2011లో 9వ కూర్పు వచ్చేదాకా అదే పరిస్థితి. అందుకని అందరూ దాన్ని మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ అని చెప్పి పంపేవారు. పసుపు బిళ్ల తగిలించుకున్న ‘ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్’ పేజీల్లో చాలా మటుకు బ్రౌజర్ కళ్లకు తప్పుల తడక హెచ్‌టీఎమ్‌ఎలే.

ఈ కథ వింటే ఉత్తరాంధ్ర వాళ్లకు ఒక పాత గొడవ గుర్తురావాలి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గురజాడ అప్పారావు, గ్రాంథిక భాష తప్ప ఇంకేదీ రాతకు పనికిరాదన్న పండితులతో తలపడ్డారు. విశాఖ ప్రాంతంలో పనిచేసిన విద్యాధికారి యేట్స్ వాళ్లకు తోడు నిలిచారు. గిడుగు వాదించిన తీరు గమనించదగ్గది. నియమాలు వద్దని ఆయన అనలేదు. గ్రాంథికమే కావాలన్నవారు తమ గ్రాంథికంలోనే ఎన్ని వ్యాకరణ దోషాలు చేస్తున్నారో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో లెక్కతీసి చూపించారు. పూర్వపు వచనంలో వ్యావహారిక రూపాలు ఎలా వాడుకలో ఉన్నాయో ‘గద్య చింతామణి’లో ఆధారాలు పోగుచేశారు. వాడుకకు దానిదైన నియమం ఉంది, దాన్ని చూసి రాసుకోవాలి అన్నది ఆయన పట్టు.

వెబ్‌లోనూ జరిగింది ఇదే. 2004లో ఆపిల్, మొజిల్లా, ఓపెరా సంస్థల వాళ్లు డబ్ల్యూ3సీ దారి నచ్చక వాట్‌డబ్ల్యూజీ అనే బృందం కట్టారు. దాని సంపాదకుడు ఇయాన్ హిక్సన్ 2005లో గూగుల్ దగ్గరున్న వంద కోట్లకు పైగా పేజీలను పరిశీలించి, జనం నిజంగా ఎలా రాస్తున్నారో లెక్కలు తీశారు. పేజీ భాగాలకు ఎవరికి వారు హెడర్, ఫుటర్, నావ్ అని పేర్లు పెట్టుకోవడం కనిపించింది. ఆ తర్వాత హెచ్‌టీఎమ్‌ఎల్5లో అవే అసలైన ట్యాగులయ్యాయి. ఇంకా పెద్ద మార్పు తప్పుల విషయంలో వచ్చింది. రాసేవాడు ట్యాగు మూయకపోతే, ఒకదానిలో ఒకటి అడ్డదిడ్డంగా ఇరికిస్తే, బ్రౌజర్ ఏం చెయ్యాలో మెట్టు మెట్టుగా ప్రమాణంలోనే రాశారు. దాంతో తప్పు రాసినా అన్ని బ్రౌజర్లూ ఒకేలా అర్థం చేసుకునే వీలు కలిగింది.

2009లో డబ్ల్యూ3సీ తన ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ 2 పనిని ఆపేస్తున్నట్లు ప్రకటించింది. 2014 అక్టోబరు 28న హెచ్‌టీఎమ్‌ఎల్5ను తన సిఫారసుగా వెలువరించింది. 2019లో రెండు పక్షాలూ ఒప్పందం చేసుకుని, నిరంతరం మారే ఒకే ‘సజీవ ప్రమాణాన్ని’ ఒప్పుకున్నాయి. ప్రమాణం బతికింది, వాలిడేటర్ కూడా బతికింది. తప్పు దొరికితే పేజీ చదవనివ్వననే పట్టుదల ఒక్కటే పోయింది.

గిడుగు, గురజాడల పేర్లు ఇప్పుడు వెబ్‌లో ఇంకో రూపంలో ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో ఒకటి గురజాడ, ఒకటి గిడుగు. గూగుల్ ఫాంట్స్ నుంచి ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు.

యంత్రం కంటికి ఆననివి

వాలిడేటర్ చూడలేనివి ఎన్ని ఉన్నాయో ఇప్పుడు చూద్దాం. బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠం, అంటే ఆల్ట్ రాయకపోతే తప్పని చెబుతుంది. కెమెరా పెట్టిన ఫైలు నంబరును అలాగే ఆల్ట్‌గా రాసేస్తే ఊరుకుంటుంది. స్క్రీన్ రీడర్ వాడేవారికి రామతీర్థం కోదండరాముడి గుడి బొమ్మ దగ్గర ‘ఐఎంజీ రెండు వేల ముప్పై నాలుగు’ అని వినిపిస్తుంది.

తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. పైన గుడి దీర్ఘం, కింద వత్తు, కొన్నిసార్లు వత్తు కింద ఇంకో వత్తు. ఇంగ్లిష్ కోసం కుదించిన వరుసల ఎడం, బిగించిన బటన్ ఎత్తు తెలుగుకు చాలవు. ‘నెల్లిమర్ల’లోని లావత్తు, ‘రామతీర్థం’లోని థావత్తు బటన్ అంచు దగ్గర తెగిపోతాయి. ఇంగ్లిష్ 12 పిక్సెళ్లలో చదవగలం, అదే కొలతలో తెలుగు వత్తులు చుక్కల్లా కనిపిస్తాయి. ఆ సీఎస్‌ఎస్‌లో నియమం ప్రకారం ఏ లోపమూ ఉండదు.

నియమాలన్నీ పాటించిన పాఠం కూడా యంత్రాన్ని కూల్చగలదని 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమే రుజువు చేసింది. ‘జ్ఞా’ లోపల కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు చేరిన వరుస ఐఫోన్‌కి సందేశంగా వస్తే, ఆ సందేశాల యాప్ కుప్పకూలి మళ్లీ తెరుచుకునేది కాదు. ఆ వరుసలో యూనికోడ్ నియమం ఏదీ తప్పలేదు. తప్పంతా దాన్ని తెర మీద గీసే ప్రోగ్రాంలో ఉంది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. తెలుగుతో ముందే సరిపడా పరీక్షించి ఉంటే ఆ అవసరం వచ్చేది కాదు.

తనిఖీ యంత్రాలను ఎంతవరకు నమ్మవచ్చో కొలిచినవాళ్లూ ఉన్నారు. 2017లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ కావాలనే 142 అడ్డంకులు పెట్టి ఒక పేజీ తయారుచేసింది. వికలాంగులకు సైటు అందుబాటులో ఉందో లేదో చూసే రకరకాల ఆటోమేటిక్ పనిముట్లతో దాన్ని తనిఖీ చేయించింది. అన్నిటికంటే మెరుగైనది 40 శాతం అడ్డంకులనే పట్టింది. అన్నీ కలిసినా పట్టలేనివి 29 శాతం. 2019లో ఆస్ట్రియా డెవలపర్ మాన్యుయెల్ మటుజోవిచ్ దీన్ని తిరగేసి చూపించారు. గూగుల్ లైట్‌హౌస్ తనిఖీలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటూనే, కీబోర్డుతో గానీ స్క్రీన్ రీడర్‌తో గానీ ఎవరూ వాడలేని పేజీని ఆయన పనిగట్టుకుని రాశారు.

దీన్నిబట్టి యంత్రాలను పక్కన పడేద్దామంటే అదీ కుదరదు. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల సైట్ల ముఖపేజీలను యంత్రంతోనే పరిశీలిస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో దోషాలు బయటపడ్డాయి. పేజీకి సగటున 51. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన దోషం, వెనక రంగులో కలిసిపోయే లేత రంగు అక్షరాలు. మామూలు పాఠానికి అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని డబ్ల్యూ3సీ అందుబాటు మార్గదర్శకాలు చెబుతాయి. ఎండలో నిలబడి ఫోను చూసే ఎవరికైనా ఈ నిష్పత్తి విలువ తెలుస్తుంది. యంత్రం పట్టగల తప్పులే ఇన్ని మిగిలి ఉంటే, పట్టలేనివి ఎన్నో ఊహించుకోవచ్చు.

అందానికి నియమం అడ్డా?

ప్రమాణాలు పాటిస్తే సైట్లన్నీ ఒకే మూసలో, బోసిగా ఉంటాయని ఒకప్పుడు డిజైనర్లు గొణిగేవారు. 2003లో కెనడా డిజైనర్ డేవ్ షే దానికి చేతలతో జవాబిచ్చారు. ‘సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్’ పేరుతో ఒకే ఒక్క హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ పెట్టి, దాన్ని ముట్టుకోకుండా సీఎస్‌ఎస్ మాత్రం మార్చి పంపమని ప్రపంచాన్ని పిలిచారు. వచ్చిన డిజైన్లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. లోపలి పాఠం, ట్యాగులు అన్నిటిలోనూ అవే. నియమం చెయ్యి కట్టెయ్యదని అప్పుడు చాలామంది ఒప్పుకున్నారు.

అలాగని నియమం తనంతట తాను మంచి డిజైన్‌ను కనదు. నెల్లిమర్ల జూట్ మిల్లు ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు: గోనె సంచికి బరువు ఎంతుండాలి, నేతలో పోగులెన్నుండాలి అని కొలతలుంటాయి. ఆ కొలతలకు నిలిచిన సంచి గట్టిదే. కానీ సన్నటి పంచదారకు నేసిన సంచీ, ఉల్లిపాయలకు గాలాడేలా నేసిన సంచీ ఒకటి కావు. అందులో ఏం పోస్తారో తెలియకుండా నేసేవాడు మంచి సంచి నెయ్యలేడు.

వెబ్ పేజీలో పోసేది జనం పని. ఆ పని ఎలా ఉంటుందో కోడులో ఎక్కడా రాసి ఉండదు. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ తప్పనిసరి అన్న ఫారం దగ్గర తెలుగువాడు ఆగిపోతాడు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆధార్‌లో ఒక్క ఇనీషియలే ఉండొచ్చు. ఏ గడిలో ఏం రాయాలో తేలక ఒక్కో ఫారంలో ఒక్కో రకంగా రాస్తే, తర్వాత ఏ రెండు రికార్డులూ కలవవు. జిల్లాల జాబితాలో విజయనగరం వెతకబోయి వి, ఐ తర్వాత ‘జె’ కొడితే దొరకదు. ఇంగ్లిష్ రాతలో అక్కడున్నది ‘జెడ్’. పలుకుబడిని బట్టి రాసేవారికి సొంత జిల్లా పేరే కనిపించదన్నమాట. రెండు రాతలనూ ఒప్పుకునే గడి పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు, ముందు ఆ ఇబ్బంది ఒకటుందని తెలియాలి.

నెల్లిమర్లలో ఒక ఫోను

విజయనగరం పక్కనే, చంపావతి ఒడ్డున ఉన్న ఈ నగర పంచాయతీలో ప్రభుత్వం వెబ్ ద్వారానే ఇంట్లోకి వస్తోంది. 2011లో మీసేవ మొదలైంది, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. మిల్లు కార్మికుడు పీఎఫ్ లెక్క చూసుకోవాలన్నా, రైతు అడంగల్ తీయించుకోవాలన్నా, పిల్ల ఇంటర్ ఫలితం చూసుకోవాలన్నా ఒక పేజీ తెరుచుకోవాలి. ఆ పేజీని సొంతంగా వాడుకోలేనివాళ్లే నెట్ సెంటర్ బెంచీ మీద కూర్చుని, ‘ఏటి బాబూ, ఇంకా తిరుగుతానే ఉందేటి?’ అని అడుగుతుంటారు. డిజైన్‌లోని లోపానికి వాళ్లు చెల్లించే సుంకం కూలి పోయిన పూట, ఆపరేటర్‌కి ఇచ్చిన రుసుము.

వాళ్ల చేతిలో ఉన్నది చవక ఆండ్రాయిడ్ ఫోను. పేజీలో మొబైల్ తెర కొలత చెప్పే ఒక్క వాక్యం, అంటే వ్యూపోర్ట్ రాయకపోతే, కంప్యూటర్ తెరంత పేజీ ఆ చిన్న తెరలోకి కుంచించుకుపోతుంది. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. ఆ వాక్యం లేదని వాలిడేటర్ తప్పు పట్టదు. నింపుతున్న ఫారం మధ్యలో సమయం అయిపోయిందని మొదటికి పంపితే తప్పు పట్టదు. వంకర అక్షరాల క్యాప్చాను ఇంగ్లిష్ రాని మనిషికి చూపిస్తే తప్పు పట్టదు. ‘ఎర్రర్ 500’ అని మాత్రం రాసి, ఏం చెయ్యాలో చెప్పకపోయినా తప్పు పట్టదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. దాన్ని డిజైన్ కోణంలో చూస్తే ఒక విషయం తెలుస్తుంది. వాట్సాప్‌లో ప్రశ్న ఒకటొకటిగా వస్తుంది, జవాబు ఒకటొకటిగా ఇస్తాం, పాత మాటలు పైన కనిపిస్తూనే ఉంటాయి. మనవడికి ఫోటో పంపగలిగిన అమ్మమ్మకు ఆ తెర కొత్త కాదు. ఇదే మర్యాద వెబ్ ఫారంలోనూ పాటించవచ్చు. తెరకొక ప్రశ్న, నింపినది పోకుండా దాచడం, తప్పు జరిగితే ఏ గడిలో జరిగిందో తెలుగులో చెప్పడం, ఇంతే.

చట్టం ఎక్కడ గీత గీసింది?

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి మార్గదర్శకాలున్నాయి. 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ సంస్థ తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచార, సాంకేతిక సేవలు అందరికీ అందుబాటులో ఉండాలంది. దాని కింద 2017లో వచ్చిన నియమాల్లోని 15వ నియమం మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న, రాజీవ్ రాతూరి కేసులో తీర్పు చెప్పింది. ఆ నియమం సలహాలాగే ఉందని, చట్టం కోరుతున్నది తప్పనిసరి నిబంధన అని, అందుకే అది చెల్లదని తేల్చింది. అందరూ వెంటనే పాటించి తీరాల్సిన కనీస ప్రమాణాలను, క్రమంగా చేరుకోవాల్సిన పెద్ద లక్ష్యాలతో కలిపెయ్యకూడదని వివరించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. కేవైసీ కోసం కంటి రెప్ప వెయ్యమంటే, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఏం చెయ్యాలి అన్న ప్రశ్నతో వచ్చిన కేసది. ఆ రెప్ప పరీక్ష పెట్టిన పేజీ కోడు తనిఖీలో నిక్షేపంగా నెగ్గవచ్చు.

కోర్టు చేసిన ఆ విభజన వెబ్ తయారుచేసేవారికీ పనికొస్తుంది. యంత్రంతో కొలవగలిగే నియమాలన్నీ కనీస ప్రమాణాల కిందికి వస్తాయి. వాటికి మినహాయింపు అడగకూడదు. మనిషికి పని జరిగిందా లేదా అన్నది కొలవడానికి మనిషే కావాలి.

ఏది ముందు, ఏది తర్వాత?

పనిలో దిగినప్పుడు వరుస తేలికే. మొదట వాలిడేటర్. నిమిషం పట్టదు, డబ్బు అక్కర్లేదు. ఎన్‌కోడింగ్, నకిలీ ఐడీలు, మూయని ట్యాగులు అక్కడే పోతాయి. తర్వాత రంగుల నిష్పత్తి, లేబుళ్లు చూసే అందుబాటు పరీక్ష. ఆ తర్వాత మౌస్ పక్కనపెట్టి కీబోర్డుతో మాత్రమే పేజీ మొత్తం తిరగాలి. పేజీ భాష తెలుగని కోడులో ప్రకటించి, ఫోనులోని టాక్‌బ్యాక్‌తో చదివించి వినాలి. భాష ప్రకటించకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగును ఎలా నమిలేస్తుందో అప్పుడు తెలుస్తుంది. పరీక్ష పేర్లన్నీ ‘టెస్ట్ వన్’, ‘ఏబీసీ’ కాకుండా రెండేసి వత్తులున్న తెలుగు పేర్లు, పొడవైన ఇంటిపేర్లు వెయ్యాలి.

చివరగా మనుషులు. యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ప్రకారం, ఐదుగురితో పరీక్షిస్తే వాడుకలోని ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయి. ఐదుగురు దొరకని ఊరు లేదు. ఒక మిల్లు కార్మికుడు, ఒక రైతు, ఒక డ్వాక్రా మహిళ, ఒక విద్యార్థి, చూపు తక్కువైన ఒక పెద్దాయన. వాళ్ల పక్కన కూర్చోవాలి, నేర్పకూడదు, అందించకూడదు. ఎక్కడ వేలు ఆగిందో రాసుకోవాలి. ఆగిన ప్రతిచోటా దిద్దాల్సింది పేజీనే.

ఏ నగర పంచాయతీ అయినా, కాలేజీ అయినా, సహకార సంఘమైనా సైటు కోసం టెండరు పిలిచేటప్పుడు సాధారణంగా రంగులు, బొమ్మలు, గడువు, ధర రాస్తారు. ఇంకో రెండు షరతులు చేర్చాలి. ఒకటి, ప్రతి పేజీ వాలిడేటర్‌లోనూ, అందుబాటు పరీక్షలోనూ నెగ్గాలి. రెండు, ఆ ఊరివాళ్లు ఐదుగురు ఎవరి సాయం లేకుండా తమ ఫోనులో, తెలుగులో దరఖాస్తు నింపి రసీదు తెచ్చుకోవాలి. మొదటి షరతు నెరవేరినట్టు గుత్తేదారు కాగితం చూపిస్తాడు. రెండోది నెరవేరేదాకా బిల్లు పాస్ చెయ్యకూడదు.